ఓడ మీద ఎవరి జెండా?

మన హాస్టల్లో చేరిన ప్రతి విద్యార్థీ మొదటి వారంలోనే నేర్చుకునే పని ఒకటుంది. స్టీలు ప్లేటు వెనుక, గ్లాసు అంచున పేరు కొట్టించుకోవడం. రేకు పెట్టె మీద పెయింటుతో పేరు, తరగతి రాసుకోవడం. వంద ప్లేట్లు ఒకేలా ఉన్నప్పుడు గుర్తు లేకపోతే ఎవరి ప్లేటు ఎవరిదో తెలియదు. మన మలక్‌పేట గంజ్‌లో వ్యాపారులు చేసేదీ ఇదే. లారీలో వచ్చిన బస్తాలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి వాటి మీద ఎవరి మార్కా వారు వేసుకుంటారు. రేస్‌కోర్సులో కూడా ఇదే పద్ధతి. గుర్రం యజమాని ఎవరో జాకీ తొడుక్కున్న చొక్కా రంగులు చెబుతాయి. ఆ రంగులను ముందే రిజిస్టరు చేయించాలి. ఇంకొకరు వాడుకోవడానికి వీల్లేదు.

సముద్రం మీద తిరిగే సరుకుల ఓడలకు, ప్రయాణికుల ఓడలకు కూడా ఇలాంటి మార్కా ఉంది. ఓడ యజమాని ఎవరో తెలిపే జెండా అది. దీన్ని 'హౌస్ ఫ్లాగ్' అంటారు. మనం యజమాని జెండా అనుకోవచ్చు. సముద్రం లేని హైదరాబాద్‌లో చదువుకునే మనకు ఓడ జెండాలతో ఏం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. పని ఉంది. మన తాతముత్తాతల తరంలో వేలమంది తెలుగువాళ్లు ఎవరివో జెండాలు కట్టిన ఓడలెక్కి కూలికి వెళ్లారు. ఈరోజు మన తమ్ముళ్లు కొందరు ఓడల్లో ఉద్యోగాలకు వెళుతున్నారు. ఓడ ఎవరిది అన్న ప్రశ్న అప్పుడు ఎంత ముఖ్యమో ఇప్పుడూ అంతే ముఖ్యం.

ఒక ఓడ మీద ఎన్ని జెండాలు?

ఓడ మీద ఒక్క జెండా మాత్రమే ఉంటుందనుకుంటే పొరపాటు. రేవులో ఉన్న ఓడ మీద కనీసం మూడు నాలుగు రకాల జెండాలు కనిపిస్తాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క చోటు, ఒక్కొక్క అర్థం ఉన్నాయి.

మొదటిది ఓడ వెనుక భాగంలో ఎగిరే దేశపు జెండా. ఆ ఓడ ఏ దేశంలో రిజిస్టరు అయిందో, దాని మీద ఏ దేశపు చట్టం చెల్లుతుందో ఇది చెబుతుంది. మన దేశపు వాణిజ్య ఓడలకు దీనికోసం ప్రత్యేకమైన జెండా ఉంది. ఎర్రని గుడ్డ మీద పై మూలన మన మువ్వన్నెల జెండా ఉంటుంది. స్వాతంత్య్రానికి ముందు ఆ మూలలోనే బ్రిటిష్ జెండా ఉండేది.

రెండవది మర్యాద జెండా. ఓడ ఏ దేశపు రేవులోకి వెళితే ఆ దేశపు జెండాను గౌరవంగా ముందు స్తంభం వైపు ఎగరేస్తారు. ఎవరింటికైనా వెళ్లినప్పుడు గుమ్మంలో నమస్కారం పెట్టడం వంటిదే ఇది.

మూడవ రకం సంకేత జెండాలు. ఇవి ప్రపంచమంతటా ఒకటే. పసుపు రంగు జెండా కట్టితే "మా ఓడలో అంటురోగాలు లేవు, రేవులోకి అనుమతి ఇవ్వండి" అని అర్థం. సగం తెలుపు, సగం ఎరుపు ఉంటే రేవు దారి చూపించే పైలట్ ఓడలో ఉన్నాడని అర్థం. పూర్తిగా ఎర్రజెండా అయితే ప్రమాదకరమైన సరుకు ఉందని హెచ్చరిక. నీలం మధ్యలో తెల్ల చదరం ఉన్న జెండాను రేవులో ఎగరేస్తే ఓడ బయలుదేరబోతోందని, అందరూ ఎక్కాలని పిలుపు.

నాలుగవది మనం చెప్పుకుంటున్న యజమాని జెండా. పూర్వం దీన్ని ఓడ నడిమి స్తంభం కొనమీద ఎగరేసేవారు. ఈ జెండా రంగులను ఏ ప్రభుత్వమూ నిర్ణయించదు. కంపెనీయే ఎంచుకుంటుంది. దేశపు జెండా చట్టాన్ని చెబితే, యజమాని జెండా సొమ్మెవరిదో చెబుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడాను గుర్తుపెట్టుకుంటే ముందు చెప్పబోయే సంగతులు సులువుగా అర్థమవుతాయి.

జెండా ఎందుకు అవసరమైంది?

మన మలక్‌పేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ దాటి విజయవాడ వైపు పోయే జాతీయ రహదారి చివరకు మచిలీపట్నంలో ఆగుతుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ రాజ్యానికి పెద్ద రేవు అదే. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' అక్కడికి వచ్చింది. డచ్చివారు దానికంటే కొన్నేళ్ల ముందే వచ్చి స్థిరపడ్డారు. డచ్చి కంపెనీ తన దేశపు మూడు రంగుల జెండా మీద తన పేరులోని మూడు అక్షరాలను కలిపి ఒక గుర్తుగా వేసుకుంది. ఇంగ్లీషు కంపెనీ ఎరుపు, తెలుపు చారల జెండా కట్టింది. రాజు జెండా వేరు, వ్యాపారి జెండా వేరు అనే పద్ధతి అలా మన తీరంలోనూ కనిపించింది.

సముద్ర వ్యాపారంలో సొమ్మెవరిది అనే ప్రశ్న అంతకంటే పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. దాన్నే అభయ శాసనం అంటారు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకునంతా స్వాధీనం చేసుకోవడం అంతకుముందు రాజుల అలవాటు. గణపతిదేవుడు ఆ పద్ధతి మానేసి, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని, మిగిలినది సొంతదారులదేనని విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడ పగిలినా యజమాని హక్కు పగలదని దీని సారాంశం.

ఇక 18, 19 శతాబ్దాల్లో ఓడల సంఖ్య పెరిగింది. మొదట్లో టెలిగ్రాఫ్ లేదు, రేడియో లేదు. నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చే ఓడ ఏ రోజు వస్తుందో యజమానికి తెలిసేది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు ఎదుట, నది అవతల బిడ్‌స్టన్ అనే గుట్ట ఉంది. ఆ గుట్ట మీద వరుసగా జెండా కొయ్యలు పాతారు. గుట్ట మీది కాపలాదారు సముద్రంలో వచ్చే ఓడ జెండాను దూరం నుంచి గుర్తుపట్టి, ఆ యజమాని గుర్తును తన కొయ్య మీద ఎగరేసేవాడు. నగరంలో ఉన్న వర్తకుడు దాన్ని చూసి, ఓడ రేవు చేరేలోపే కూలీలను, బండ్లను, గిడ్డంగిని సిద్ధం చేసుకునేవాడు. అంటే ఆనాటి సెల్‌ఫోన్ మెసేజ్ ఆ జెండానే.

రంగుల వెనుక కథలు

పొగ ఓడలు వచ్చాక పెద్ద పెద్ద కంపెనీలు పుట్టాయి. వాటి జెండాలు ప్రపంచమంతా తెలిసిపోయాయి. 'టైటానిక్' సినిమా మనలో చాలామంది చూశాం. 1912లో మునిగిపోయిన ఆ ఓడ వైట్ స్టార్ లైన్ కంపెనీది. పేరుకు తగ్గట్టే ఆ కంపెనీ జెండా ఎర్రగుడ్డ మీద తెల్ల నక్షత్రం. కొన పావురం తోకలా చీలి ఉండేది. దాని పోటీదారు కునార్డ్ కంపెనీ ఎర్రజెండా మీద భూగోళాన్ని పట్టుకున్న బంగారు సింహాన్ని వేసుకుంది.

మన దేశానికి బాగా సంబంధం ఉన్నది పి అండ్ ఓ కంపెనీ. దాని జెండా మూల నుంచి మూలకు గీతలు గీసి నాలుగు ముక్కోణాలు చేసినట్టుంటుంది. వాటి రంగులు నీలం, తెలుపు, ఎరుపు, పసుపు. నీలం, తెలుపు అప్పటి పోర్చుగల్ రాజకుటుంబానివి. ఎరుపు, పసుపు స్పెయిన్‌వి. 1830లలో ఆ రెండు దేశాల అంతర్యుద్ధాల్లో కంపెనీ స్థాపకులు రాజకుటుంబాల పక్షాన నిలిచారు. ఆ దేశాలకే మొదట ఓడలు నడిపారు. ఆ చరిత్ర జెండాలో మిగిలిపోయింది.

జెండాతో పాటు మరో రెండు గుర్తులు కూడా యజమానిని చెప్పేవి. ఒకటి పొగగొట్టం రంగు, రెండవది పేరు. వైట్ స్టార్ ఓడల పేర్లు 'ఇక్' అని ముగిసేవి. టైటానిక్, ఒలింపిక్ అలాంటివే. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల పేర్లు 'ఆ' కారంతో ముగిసేవి. మద్రాసు నుంచి సింగపూర్ వరకు దశాబ్దాలపాటు తిరిగిన 'రాజులా' ఆ కంపెనీదే. మన దేశపు సింధియా కంపెనీ ఓడల పేర్లు 'జల'తో మొదలయ్యేవి. గ్రేట్ ఈస్టర్న్ కంపెనీ పేర్లు 'జగ్'తో మొదలవుతాయి. ఒక ఇంట్లో అన్నదమ్ముల పేర్లు ఒకేలా పెట్టుకున్నట్టు.

బాబాసాహెబ్ ఎక్కిన ఓడలు

డాక్టర్ అంబేద్కర్ జీవితాన్ని మన హాస్టల్లో అందరం చదువుతాం. ఆయన లండన్ ప్రయాణాలన్నీ ఆ రోజుల్లో ఓడల మీదే జరిగాయి. 1917లో లండన్ నుంచి తిరిగి వచ్చింది 'కైజర్-ఇ-హింద్' ఓడలో. విడిగా పంపిన ఆయన సామాను, పుస్తకాలు ఉన్న ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఎంతో కష్టపడి కూడబెట్టిన పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. 1930 అక్టోబరు 4న మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి బొంబాయి నుంచి బయలుదేరింది 'వైస్రాయ్ ఆఫ్ ఇండియా' ఓడలో. రెండవ సమావేశానికి 1931 ఆగస్టు 15న 'మూల్తాన్' ఓడలో వెళ్లారు. అదే సమావేశానికి గాంధీజీ ఎక్కిన ఓడ పేరు 'రాజపుతానా'.

కైజర్-ఇ-హింద్, వైస్రాయ్ ఆఫ్ ఇండియా, మూల్తాన్, రాజపుతానా. పేర్లన్నీ మన దేశానివే. ఓడలన్నీ మాత్రం పి అండ్ ఓ కంపెనీవి. అన్నిటి స్తంభం మీద ఎగిరింది ఆ నాలుగు రంగుల జెండానే. మన దేశపు భవిష్యత్తు మాట్లాడటానికి వెళ్లిన మన నాయకులకు మన యజమాని జెండా కట్టిన ప్రయాణికుల ఓడ ఆ దారిలో దొరకలేదు.

కోరంగి నుంచి రంగూన్‌కి

నాయకుల సంగతి అలా ఉంటే, సామాన్యుల ప్రయాణం మరోలా ఉండేది. 19వ శతాబ్దం చివరి నుంచి గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల పేదలు ఏటేటా బర్మాకు కూలికి వెళ్లేవారు. రంగూన్ రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, వరి కోతలు, రిక్షా లాగడం వారి పనులు. భూమి లేని దళిత కుటుంబాల వారు అందులో చాలామంది ఉన్నారు. ఊళ్లో వెట్టి, అంటరానితనం, అప్పు తప్ప మరేమీ లేని మనిషికి రంగూన్ రొక్కం కూలి ఒక ఆశ. కోరంగి రేవు పేరు మీద అక్కడివారు తెలుగువాళ్లనందరినీ 'కోరంగీ'లని పిలిచేవారు. కోరంగి రేవు మేట వేసి మూలపడ్డాక కూడా ఆ పేరు పోలేదు. కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి ఎక్కినా వారు కోరంగీలే.

వారిని తీసుకెళ్లిన ఓడలు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. 1856లో కలకత్తా, రంగూన్‌ల మధ్య టపా మోయడానికి మొదలైన కంపెనీ ఇది. దాని జెండా తెల్లగుడ్డ మీద ఎర్రని అడ్డగుణకారపు గుర్తు, చివర చీలిన తోక. నల్లని పొగగొట్టం మీద రెండు తెల్ల పట్టీలు. మనవాళ్లకు గదులుండవు. డెక్ మీద చాపలు, మూటలు పరుచుకుని ఎండకూ వానకూ గాలికీ ఓర్చుకుంటూ బంగాళాఖాతం దాటేవారు. టికెట్టు డబ్బు కూడా చాలామంది దగ్గర ఉండేది కాదు. మేస్త్రీ ముందుగా అప్పిచ్చేవాడు. రంగూన్ చేరాక ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోట పనిచేయాలి.

ఇక్కడొక విశేషం చెప్పుకోవాలి. 1914లో బ్రిటిష్ ఇండియా కంపెనీ పి అండ్ ఓలో కలిసిపోయింది. కాని జెండాలు, పొగగొట్టాల రంగులు దేనివి దానికే ఉంచారు. అంటే కాకినాడలో డెక్ మీద కూర్చున్న కూలీ తల మీద ఎగిరిన తెల్ల జెండాకు, బొంబాయిలో బాబాసాహెబ్ ఎక్కిన ఓడ మీది నాలుగు రంగుల జెండాకు వెనుకనున్న యజమాని ఒక్కరే. రెండు సంస్థలకూ అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్. జెండాలు రెండైనా గల్లాపెట్టె ఒకటే.

రంగూన్ జీవితం కూడా స్థిరంగా సాగలేదు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టి, సమ్మె పరిష్కారమయ్యాక వారిని తీసేశారు. మే 26న రెండు వర్గాల కూలీల మధ్య మొదలైన కొట్లాట పెద్ద అల్లరిగా మారి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. లాభం తీసుకున్నవారు ఎక్కడో ఉన్నారు, కొట్టుకుని చచ్చినవారు ఇద్దరూ పేదలే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక ఓడలు దొరకనివారు కొండలు, అడవుల దారిన కాలినడకన తిరిగివచ్చారు. దారిలో రోగాలకూ ఆకలికీ బలైనవారు అనేకులు.

విశాఖ రేవులో మొదటి ఓడ

భారతీయులు సొంతంగా ఓడల కంపెనీ పెట్టి నిలబడటం ఆ రోజుల్లో తేలిక కాదు. 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ మరికొందరు కలిసి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్థాపించారు. గ్వాలియర్ సింధియా మహారాజు దగ్గరున్న 'లాయల్టీ' అనే పాత ఓడను కొని, 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కు నడిపారు. పోటీ పరీక్షలు రాసే మిత్రులకు ఏప్రిల్ 5 జాతీయ నౌకాయాన దినోత్సవమని తెలుసు. అది ఈ ప్రయాణం జ్ఞాపకార్థమే.

కొత్త కంపెనీని అణచడానికి బ్రిటిష్ కంపెనీలు కిరాయి రేట్లు బాగా తగ్గించాయి. చివరికి 1923లో సింధియా ఒక ఒప్పందానికి తలవంచాల్సి వచ్చింది. పదేళ్లపాటు తీరం వెంబడి వ్యాపారానికే పరిమితం కావాలని, విదేశీ దారుల్లోకి రాకూడదని షరతు. మన తీరపు వ్యాపారమైనా మన ఓడలకే ఉండాలని 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అదీ చట్టం కాలేదు.

ఈ నేపథ్యంలో 1933 అక్టోబరు 7 తెలుగువారు గుర్తుంచుకోవలసిన రోజు. ఆ రోజే కొత్తగా కట్టిన విశాఖపట్నం రేవులోకి మొట్టమొదటి సముద్రపు ఓడ ప్రవేశించింది. ఆ ఓడ పేరు 'జలదుర్గ'. సింధియా కంపెనీది. రేవు కట్టించింది బ్రిటిష్ ప్రభుత్వం. డిసెంబరులో లాంఛనంగా ప్రారంభించింది వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్. కాని మొదట లోపలికి వచ్చిన ఓడ మీద యజమాని జెండా భారతీయులది. వెనుక ఎగిరిన దేశపు జెండా మాత్రం అప్పటికి ఇంకా బ్రిటిష్ వారిదే. సొమ్ము మనది, చట్టం వారిది. ఒకే ఓడ మీద రెండు జెండాలు ఆనాటి దేశ పరిస్థితిని ఉన్నదున్నట్టు చూపించాయి.

ఆ తరువాత సింధియా కంపెనీ విశాఖలోనే ఓడలు కట్టే కర్మాగారం తలపెట్టింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. యుద్ధం ముగిసి, స్వాతంత్య్రం వచ్చాక 1948 మార్చి 14న ప్రధానమంత్రి నెహ్రూ 'జల ఉష' ఓడను నీళ్లలోకి దించారు. ఎనిమిది వేల టన్నుల ఓడ అది. జల ఉష అంటే నీటి మీద తెల్లవారడం. ఈసారి ముందున్న పేరూ మనదే, నడిమి స్తంభం మీది జెండా మనదే, వెనుక జెండా కూడా మనదే. దాన్ని కట్టిన చేతుల్లో తెలుగు కార్మికుల చేతులున్నాయి.

1952లో ఆ కర్మాగారంలో ఎక్కువ వాటా ప్రభుత్వం తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మార్చింది. 1961లో పూర్తిగా ప్రభుత్వ సంస్థ అయింది. అదే సంవత్సరం అక్టోబరు 2న షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1973లో బ్రిటిష్ వారి 'రాజులా' ఓడను కొన్నది ఈ సంస్థే. ఆ పాత ఓడ చివరి రోజుల్లో 'రంగత్' అనే కొత్త పేరుతో, భారతీయ జెండాతో తిరిగింది. సింధియా కంపెనీ తరువాతి కాలంలో క్షీణించిపోయింది. కాని విశాఖలో సిటీ బస్సెక్కి "సింధియా" అంటే కండక్టరు టికెట్టిస్తాడు. కంపెనీ పోయింది, జెండా పోయింది, పేరు మాత్రం ఒక బస్టాపుగా మిగిలింది.

ఇప్పుడు జెండా నిజం చెబుతుందా?

నేడు ఓడలు ఉపగ్రహాలతో మాట్లాడుకుంటున్నాయి. యజమాని జెండా అవసరం చాలావరకు తీరిపోయింది. దాని గుర్తు ఎక్కువగా పొగగొట్టం మీద పెయింటుగా మిగిలింది. అసలు చిక్కు వెనుక ఎగిరే దేశపు జెండాతో వచ్చింది. పనామా, లైబీరియా, మార్షల్ దీవులు వంటి చిన్న దేశాలు ప్రపంచంలో ఎవరి ఓడనైనా తమ దగ్గర రిజిస్టరు చేస్తాయి. పన్ను తక్కువ, నిబంధనలు సులువు. అందుకే ప్రపంచంలోని ఓడల్లో పెద్ద భాగం వీటి జెండాల కిందే తిరుగుతోంది. వీటిని 'సౌకర్యపు జెండాలు' అంటారు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య 1948 నుంచి వీటికి వ్యతిరేకంగా పోరాడుతోంది.

ఒక ఉదాహరణ చూద్దాం. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కున్న 'ఎవర్ గివెన్' ఓడను టీవీల్లో అందరం చూశాం. ఓడ పక్కన పెద్ద అక్షరాలతో ఎవర్‌గ్రీన్ అని ఉంది. అది ఓడను అద్దెకు నడుపుతున్న తైవాన్ కంపెనీ పేరు. ఓడ సొంతదారు జపాన్ కంపెనీ. వెనుక ఎగిరిన జెండా పనామాది. సిబ్బందిని చూసుకునే సంస్థ జర్మనీ మూలాలున్నది. ఓడలో పనిచేస్తున్న 25 మందీ భారతీయులు. ఆరు రోజుల్లో ఓడ కదిలింది. కాని నష్టపరిహారం లెక్క తేలేదాకా ఈజిప్టు దాన్ని వదల్లేదు. జులై 7న విడుదలయ్యింది. నష్టపరిహారం మీద వాదనలు సాగుతుంటే ఓడలో చిక్కుకుపోయింది మాత్రం మనవాళ్లు.

సముద్రం మీద ఉద్యోగానికి వెళ్లే తమ్ముళ్లకు

మన హాస్టల్ విద్యార్థులు కూడా ఈ రంగంలోకి వెళ్లవచ్చు. పదో తరగతి తరువాత జీపీ రేటింగ్ కోర్సు ఉంది. ఇంటర్లో ఎంపీసీ చదివినవారు ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాసి నాటికల్ సైన్స్, మెరైన్ ఇంజనీరింగ్ వంటి కోర్సుల్లో చేరవచ్చు. ఆ విశ్వవిద్యాలయానికి విశాఖలో ప్రాంగణం ఉంది. వైద్య పరీక్షలో రంగులు సరిగ్గా గుర్తించగలగాలి. జెండాల గురించి, దీపాల గురించి ఇంత చెప్పుకున్నాక అది ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది మంచి ఉద్యోగం. అయితే పాతకాలపు మేస్త్రీలు ఇప్పుడు ఏజెంట్ల రూపంలో తిరుగుతున్నారు. కన్నవాళ్లు ఎకరం అమ్మి, పుస్తెలు తాకట్టుపెట్టి డబ్బు కడితే, పిల్లవాణ్ణి ఏదో తుప్పుపట్టిన ఓడ ఎక్కించి చేతులు దులుపుకునేవారున్నారు. యజమాని జీతాలు ఆపేసి, ఓడను ఏదో విదేశీ రేవులో వదిలేసిన సంఘటనలు ప్రపంచమంతటా ఏటా జరుగుతున్నాయి. అందుకని ఈ ప్రశ్నలు అడగకుండా సంతకం పెట్టవద్దు.

1. ఏజెంటుకు లైసెన్సు ఉందా? నావికులను ఉద్యోగాల్లో పెట్టే సంస్థకు కేంద్ర ప్రభుత్వ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము తీసుకోవడం అంతర్జాతీయ ఒప్పందానికి విరుద్ధం. లక్షలు అడిగాడంటే అక్కడే అనుమానించాలి.

2. ఓడ ఐఎంఓ నంబరు ఎంత? ఇది ఏడంకెల నంబరు. ఓడ పేరు మారినా, జెండా మారినా, యజమాని మారినా ఈ నంబరు మారదు. దీనితో ఓడ వయసు, సొంతదారు, తనిఖీల్లో పట్టుబడిన లోపాలు వెతికి తెలుసుకోవచ్చు.

3. వెనుక జెండా ఏ దేశానిది, సొంతదారు ఎవరు, నడిపేది ఎవరు, నాకు జీతమిచ్చేది ఎవరు? ఈ నాలుగు పేర్లూ ఒప్పంద కాగితంతో సరిపోవాలి. కాగితం ప్రతి ఒకటి ఇంట్లో ఇచ్చి వెళ్లాలి.

4. బీమా పత్రం ఉందా? సముద్ర కార్మికుల ఒప్పందాన్ని మన దేశం 2015లో ఆమోదించింది. దానికి చేసిన సవరణ 2017 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం యజమాని రెండు నెలల జీతం ఎగ్గొట్టినా ఓడను వదిలేసినట్టే లెక్క. అప్పుడు తిండి, ఇంటికి తిరిగి వచ్చే ఖర్చు, నాలుగు నెలల వరకు జీతం బకాయి చెల్లించేలా ముందే బీమా చేయించాలి. ఆ పత్రాన్ని ఓడలో అందరికీ కనిపించేలా అతికించాలి. ఓడ ఎక్కిన మొదటి రోజే దాన్ని వెతికి చూడాలి.

రంగూన్ వెళ్లిన మన పెద్దలకు చదువు లేదు. తల మీద ఎగిరే జెండా ఎవరిదో, మేస్త్రీ వేయించుకున్న వేలిముద్ర కింద ఏం రాసుందో వారికి చదివి చెప్పేవారు లేరు. మనకు ఆ ఇబ్బంది లేదు. సంక్షేమ హాస్టల్లో ఉండి నాలుగు అక్షరాలు నేర్చుకున్నాం. కాబట్టి మన వీధిలో, మన ఊళ్లో ఎవరైనా ఓడ ఉద్యోగమని ఒక కాగితం పట్టుకుని వస్తే, దాన్ని తీసుకుని మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చదివి పెట్టడం మన బాధ్యత. ఆ పని చేయడానికి సముద్రం దగ్గర ఉండాల్సిన అవసరం లేదు. మలక్‌పేటలో ఉన్నా చాలు.